ఆ డ్రమ్ము ఖాళీది: ఏటీవీ కొనే ముందు చూసుకోవాల్సిన లెక్క



మన ఛానల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసిన వీడియో ఏదంటే చెప్పడానికి నాకే మనసొప్పదు. జీవామృతం ఎట్ల కలపాలో చూపించినది కాదు. కషాయాల మీద చేసినది కాదు. నవధాన్యాలు చల్లి పచ్చిరొట్ట కలియదున్నినది అసలే కాదు. నేను ఏటీవీ ఎక్కి, వెనక నీలం డ్రమ్ము కట్టుకొని, గెట్టు మీదికెక్కి, గుట్ట వాలు నుంచి సర్రున దిగే రెండు నిమిషాల వీడియో అది. దాని కింద ఇప్పటికీ ప్రశ్నలు వస్తనే ఉన్నయ్. "అన్నా, బండి ఎంత?" "మైలేజ్ ఎంతిస్తది?" "సబ్సిడీ ఉందా?"

పోయిన నెల దుబ్బాక దిక్కు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు.

"అన్నా, నాకు నాలుగెకరాలుంది. నీ లెక్కనే ప్రకృతి వ్యవసాయంలకు వచ్చిన. జీవామృతం మోసుడు మా ఇంటోళ్లతోని అయితలేదు. నీ వీడియో చూసినంక ఏటీవీ తీసుకుందామని ఎనిమిది లక్షల లోన్ మాట్లాడిన. ఏ కంపెనీది మంచిగుంటది?"

కంపెనీ పేరు చెప్పలేదు. "తమ్మీ, ముందు ఒక మాట విను. ఆ వీడియోల డ్రమ్ము ఖాళీది" అన్న.

అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత దగ్గర దగ్గర నలభై నిమిషాలు మాట్లాడుకున్నం. ఆ మాటలే ఇక్కడ వివరంగా రాస్తున్న. అతనొక్కడే కాదు, ఆ వీడియో చూసి లెక్కలు వేసుకుంటున్నోళ్లు ఇంకా ఉంటరు కదా.

నా అభిప్రాయం ముందే చెప్తున్న. ఏటీవీ చెడ్డ బండి కాదు. నేలకు ట్రాక్టర్ కన్నా మేలే చేస్తది. కానీ రెండెకరాలు, నాలుగెకరాలు ఉన్న రైతు అప్పు చేసి సొంతంగా కొనాల్సిన బండి మాత్రం కాదు. పని బండిని సరదా బండిగా, సరదా బండిని పని బండిగా వాడుడు అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ తప్పు నేను చేసిన.

ఏటీవీ అంటే ఏంది?

ఆల్ టెరైన్ వెహికల్. నాలుగు లావు టైర్లు, బైకుకు ఉన్నట్టు హ్యాండిల్, గుర్రం ఎక్కినట్టు కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చునే సీటు. యాక్సిలరేటర్ బొటనవేలుతో నొక్కాలి. ముందొక ర్యాక్, వెనకొక ర్యాక్. పని కోసం చేసినవాటికి వెనక చిన్న ట్రాలీ తగిలించే కొక్కెం కూడా ఉంటది. కారు లెక్క స్టీరింగ్, పక్కపక్కన సీట్లు, సీటు బెల్టులు, నెత్తి మీద ఇనుప చట్రం ఉండేది వేరే బండి. దాన్ని యూటీవీ అంటరు. ఈ రెండింటి తేడా మనసులో పెట్టుకోండి, ముందు అవసరం పడ్తది.

ఈ బండ్ల కథ 1970లో హోండా అమెరికాలో అమ్మిన మూడు చక్రాల బండితో మొదలైంది. సరదాగా ఇసుకలో, మంచులో తిరగడానికి తెచ్చిన బండిని అక్కడి రైతులు మెల్లగా పనికి తీసుకున్నరు. 1982లో సుజుకి నాలుగు చక్రాలది తెచ్చింది. మూడు చక్రాలవి బోల్తా పడి మనుషులు పోతుండేసరికి, 1988లో అక్కడి ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు వాటి అమ్మకం ఆపేసినయ్. అంటే సరదా, పని, ప్రమాదం మూడూ పుట్టుకతోనే ఈ బండిని పట్టుకొని ఉన్నయ్.

ఇక మన దేశం సంగతి. తోటల్లో, రిసార్టుల్లో తిరిగే ఏటీవీలు చాలావరకు రిజిస్ట్రేషన్ లేనివే. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. 2019లో పోలారిస్ కంపెనీ స్పోర్ట్స్‌మన్ 570 మోడల్‌ను వ్యవసాయ ట్రాక్టర్ కింద అనుమతి తీసుకొని, రోడ్డు మీద నడుపుకునేటట్టు ఇక్కడ విడుదల చేసింది. 567 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాలుగు చక్రాలకూ పవర్. అప్పటి ఎక్స్ షోరూమ్ ధర 7.99 లక్షలు. దుబ్బాక తమ్ముడు చెప్పిన ఎనిమిది లక్షలు ఆ లెక్కనే.

నా బండి అది కాదు. వేరే కంపెనీది, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న, రిజిస్ట్రేషన్ లేదు. మా ఇంటి కాడి పొలానికి, గుట్ట కింది చెల్కకు నడుమ ఊరి రోడ్డు ఉంది. ఆ రోడ్డు దాటుడు కూడా చట్టం ప్రకారం తప్పే. కొన్నాళ్లు ఆ తప్పు చేసిన, దాచేది ఏముంది. రిజిస్ట్రేషన్ లేని బండికి ఇన్సూరెన్స్ రాదు. రోడ్డు మీద ఎవరికన్నా తగిలితే ఆ ఖర్చు మొత్తం మన భూమి మీద పడ్తది. బండి కొనేటప్పుడు ఈ ముచ్చట ఎవరూ చెప్పరు. మీరే అడగాలె.

నేల లెక్క: నేను ఎందుకు ఆశపడ్డ

నాకు ఉత్త మోజే కాదు, ఒక లెక్క కూడా ఉండె. డిప్లొమా చదివేటప్పుడు నేర్చుకున్న పాఠం ఇది. బండి పోయినప్పుడు నేల పై పొర మీద పడే ఒత్తిడి, టైరులో గాలి ఎంత ఉందో దాదాపు అంత ఉంటది. నేల ఎంత లోతు దాకా గట్టిపడ్తదనేది ఇరుసు మీద పడే మొత్తం బరువును బట్టి ఉంటది.

45 హెచ్‌పీ ట్రాక్టర్ దగ్గర దగ్గర రెండు టన్నులు. పనిముట్టు, ట్రాలీ, లోడు వేరే. ఏటీవీ 300 నుంచి 350 కిలోలు. మనిషి, సామాను కలిపినా అర టన్ను. దాని టైరులో గాలి 5 నుంచి 7 పీఎస్‌ఐ మాత్రమే. బైకు టైరులో పాతిక పైనే ఉంటది. అందుకే తడి మడి గెట్టు మీద బైకు దిగబడే చోట కూడా ఏటీవీ తేలిపోతది.

మన పద్ధతిలో ఇది చిన్న విషయం కాదు. మనం నేల మీద ఆచ్ఛాదన వేసి, వానపాములు పైకి రావాలని ఎదురుచూసి, రెండు మూడేండ్లకు నేలను గుల్లగా చేసుకుంటం. తడి రేగడిలో ఒక్కనాడు లోడు ట్రాక్టర్ తిప్పితే ఆ కష్టం చక్రాల కింద పడిపోతది. కింద గట్టి పొర కడితే వేరు దిగదు, వాన నీరు ఇంకదు. మా ఎర్ర చెల్కలో తేడా అంత తొందరగా కనిపించలేదు. నల్ల రేగడి మడిలో మాత్రం ట్రాక్టర్ జాడ మీద మక్క ఆ ఏడు మోకాలెత్తు దాటలేదు.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలె. "ఏటీవీ నేలకు ఏమీ చేయదు" అనేది అమ్మేటోళ్ల మాట. ఏ బండైనా మొదటిసారి పోయినప్పుడే నేల ఎక్కువగా అణుగుతది. అందుకని ఇష్టమొచ్చిన చోట తిప్పకుండా, ఒకటే దారి పెట్టుకొని దాని మీదనే పోవాలె. ఎద్దు గిట్ట కింద కూడా ఒత్తిడి తక్కువేం కాదు. కానీ అది అడుగుకు ఒక చోట పడ్తది, టైరు లెక్క పొడుగునా గీత గీయదు. పైగా ఎద్దు పెండ ఇస్తది. బండి ఇయ్యదు.

ఏమైనా నేల లెక్కలో ఏటీవీ పాసైంది. నేను ఫెయిలైంది తర్వాతి లెక్కలో.

బరువు లెక్క: స్టిక్కర్ చదవకపోతే ఏమైతది

ఈ తరగతి బండ్లలో ముందు ర్యాక్ మీద 40 కిలోలు, వెనక ర్యాక్ మీద 80 కిలోల దరిదాపు మాత్రమే పెట్టాలె. ఆ సంగతి బండి మీద స్టిక్కర్‌లోనే రాసి ఉంటది. ఎకరానికి మనం కలిపే జీవామృతం ఎంత? 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పెండ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి అన్నీ కలిపితే 220 కిలోలు. ఆ డ్రమ్ము ర్యాక్ మీద పెట్టుడు అయ్యే పని కాదు. నేనేదో తెలివి చేసి 100 లీటర్ల డ్రమ్ము కట్టిన. అది కూడా స్టిక్కర్ కన్నా ఎక్కువే.

బరువు ఒక్కటే కాదు. డ్రమ్ము ఎత్తు మీద ఉంటది కాబట్టి బండి బరువు మొత్తం పైకి జరుగుతది. నాలుగడుగుల వెడల్పు కూడా లేని బండి వాలు మీద పక్కకు ఒరిగిందంటే తిరిగి నిలబడదు. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. సగం ఖాళీ అయిన డ్రమ్ము నిండు డ్రమ్ము కన్నా మోసకారి. నిండు డ్రమ్ములో నీళ్లు కదలవు. సగం డ్రమ్ములో నీళ్లు బండి ఎటు ఒరిగితే అటే ఉరుకుతయ్, అప్పటికే ఒరుగుతున్న బండిని ఇంకింత నూకుతయ్.

వీడియో పెట్టిన నెలన్నరకు ఆ ముచ్చట తెలిసింది. ఆ రోజు బండి మీద ఉన్నది నేను కాదు, మా చిన్నాయన కొడుకు. ఇరవై రెండేండ్లోడు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ పొద్దుగాల రన్నింగ్ చేసేటోడు. ఎకరంన్నర పారిచ్చినంక డ్రమ్ముల సగం మిగిలింది. ఆ సగం డ్రమ్ముతోని, నేను వీడియోలో దిగిన చోటనే, నేను దిగినట్టే దిగబోయిండు. ముందు ఎడమ చక్రం ఒక రాయి ఎక్కింది. బండి కుడికి ఒరిగింది. నీళ్లు కూడా అటే ఉరికినయ్. బండి పోయి వాని కాలు మీద పడ్డది.

మోకాలు కింది బొక్క విరిగింది. రాడ్ వేసిన్రు. నాలుగు నెలలు మంచంల ఉన్నడు. ఆ ఏడు ఈవెంట్స్ పోయినయ్. చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

వాడు కొత్తగా ఏం చేయలేదు. నా వీడియోలో చూసిందే చేసిండు. తేడా ఒక్కటే. నా డ్రమ్ము ఖాళీది.

ఆస్ట్రేలియాలో గొర్ల మందల కాడ, పాడి పొలాల్లో ఈ బండ్లు మనకు బైకులున్నంత మామూలు. అక్కడి పొలాల్లో మనుషులు చనిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇవి కూడా ఒకటి. అందుకని అక్కడి ప్రభుత్వం 2021 అక్టోబర్ 11 నుంచి, పని కోసం అమ్మే ప్రతి కొత్త క్వాడ్ బైకుకు బోల్తా పడ్డప్పుడు మనిషి నలగకుండా ఆపే చట్రం తప్పనిసరి చేసింది. దానికి ఒప్పుకోక కొన్ని పెద్ద కంపెనీలు ఆ మార్కెట్‌నే వదిలిపోయినయ్. మనం మాత్రం బండి కొనేటప్పుడు రంగు అడుగుతం, లైట్లు అడుగుతం. ఆ చట్రం గురించి అడగం. నేను కూడా అడగలేదు.

పైసల లెక్క

ఎనిమిది లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేండ్లు. నెలకు కిస్తీ దాదాపు 17,400 రూపాయలు. ఏడాదికి రెండు లక్షల 9 వేలు. నాలుగెకరాలకు పంచితే ఎకరానికి ఏడాదికి 52 వేల పైన బండి కిస్తీకే పోవాలె. వరి పెట్టి, రెండు పంటలు తీసి, ఒక్క వడగండ్ల వాన కూడా పడలేదనుకున్నా, ఖర్చులు పోయినంక ఎకరానికి అంత మిగులుతదా? గుండె మీద చేయి వేసుకొని చెప్పండి.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో ఒక్కో కమతం సగటున ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఏటీవీ పుట్టింది, పెరిగింది వందల ఎకరాల పొలాలున్న దేశాల్లో. అక్కడ రైతు కంచె ఒక చుట్టు చూసి రావాలంటేనే గంట పడ్తది. మన రెండున్నర ఎకరాల చుట్టు బీడీ ముట్టించి ఆర్పేలోపు తిరిగి రావచ్చు.

నేను ఒక పుస్తకంలో బండి గంటలు రాసుకున్న. మొదటి ఏడాది 212 గంటలు నడిచింది. అందులో పొలం పని 74 గంటలు. మిగతాది వీడియోలకు, చూడ్డానికి వచ్చినోళ్లను తిప్పడానికి, ఉత్తగ ఊరంతా తిరగడానికి. పనిలో గంటకు రెండు లీటర్ల పైనే పెట్రోల్ తాగింది. ఒకసారి బెల్టు తెగితే కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. అది సరిగ్గా నాట్ల టైమ్. ట్రాక్టర్ ఖరాబైతే మా ఊళ్లోనే ఇద్దరు మెకానిక్‌లున్నరు. ఎద్దుకు జరమొస్తే పశువుల డాక్టర్ ఉన్నడు. ఈ బండికి ఎవరూ లేరు.

రాయితీ వస్తదని ఎవరన్నా చెప్తే, మీ ఏఈవో దగ్గర ఆ మోడల్ పేరు ఉన్న కాగితం చూసినంకనే అడ్వాన్స్ ఇయ్యండి. నోటి మాట మీద ఇయ్యకండి.

పైపు చేసిన పని

తమ్ముని కాలు విరిగినంక బండి మూణ్నెల్లు షెడ్డుల ఉంది. జీవామృతం పని మాత్రం ఆగదు కదా. అప్పుడు మా బాపు ఒక మాట అన్నడు. "నీళ్లు పోయే తొవ్వ ఉండంగ, నీళ్లను బండి మీద ఎందుకు మోస్తున్నవ్ రా?"

డిప్లొమా చదివిన నాకు ఆ ముచ్చట తట్టలేదు.

బాయి కాడ మోటార్ షెడ్డు పక్కన నాలుగడుగుల ఎత్తు దిమ్మె కట్టి, 500 లీటర్ల ట్యాంకు పెట్టిన. జీవామృతం అక్కడనే తయారు చేస్తం, పెండ కొట్టం నుంచి ఇరవై అడుగుల దూరం. వరికి ట్యాంకు నల్లాను పారే కాలువలకు వదులుతం. మడి నిండే టైమ్‌కు ఎకరానికి 200 లీటర్లు అయిపోయేటట్టు ధార సరిచేసుకుంటం. కూరగాయలకు, పండ్ల చెట్లకు డ్రిప్ ఉంది. దానికి వెంచురీ పెట్టిన. జీవామృతాన్ని ముందు దోమతెర గుడ్డతో, తర్వాత మందపాటి నూలు గుడ్డతో రెండుసార్లు వడపోస్తం. వదిలినంక పావుగంట ఉత్త నీళ్లు పారిస్తం, లేకపోతే డ్రిప్పర్లు మూసుకుపోతయ్. డిస్క్ ఫిల్టర్ ప్రతిసారి కడగాలె. వెంచురీ, ట్యాంకు, పైపులు, దిమ్మె అన్నీ కలిపి నాకు పదకొండు వేలయింది.

నీళ్లు పారని చెల్కకు ఘనజీవామృతం చాలు. నీడకు ఆరబెట్టి, బస్తాల కెత్తి, ఎడ్లబండి మీద తీసుకుపోతం. బస్తా ఒరగదు, ఉరకదు.

నేను నాలుగు లక్షల పైన పెట్టి బండి కొన్నది ఏ పనికో, ఆ పనిలో ముప్పాతిక వంతు పదకొండు వేల పైపులు చేసినయ్. ఈ పైపుల మీద కూడా వీడియో పెట్టిన. దాన్ని ఎంతమంది చూసిన్రో అడగకండి.

మరి ఎవరికి పనికొస్తది?

ఎవరికీ వద్దని నేను అనను. మూడు రకాల వాళ్లకు పనికొస్తదని నా అనుభవం.

ఒకటి, పెద్ద తోటలున్నోళ్లు. ఇరవై ఎకరాల పైన మామిడి, జామ ఉండి, చెట్ల నడుమ ట్రాక్టర్ తిప్పి వేర్లు తొక్కించుడు ఇష్టం లేనోళ్లు. చెత్త, ఆకులు, కాయల క్రేట్లు చిన్న ట్రాలీలో లాగడానికి ఇది బాగుంటది. కోతులకు, అడవి పందులకు పొద్దుమాపు కావలి తిరగడానికి కూడా.

రెండు, ఆయిల్‌పామ్ రైతులు. మన జిల్లాలో నంగునూరు మండలం నర్మెట్టలో ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ వచ్చినంక ఈ తోటల మీద ఆశ పెరిగింది. ఎకరానికి 57 చెట్లు, 9 మీటర్ల ఎడం. కాపుకొచ్చినంక పది పదిహేను రోజులకోసారి గెలలు కోయాలె, కోసినవి ఆలస్యం కాకుండా ఫ్యాక్టరీకి చేరాలె. వానకాలం సాళ్లలో ట్రాక్టర్ దిగబడ్తది. అక్కడ ఏటీవీ వెనక చిన్న ట్రాలీతో గెలలు గెట్టు దాకా తెచ్చుడు మంచి పని. గెట్టు మీదికెల్లి ట్రాలీ ఆటో చూసుకుంటది.

మూడు, కలిసి కొనుక్కునేటోళ్లు. ఇదే నా అసలు సూచన. 2024 నవంబర్ 25న కేంద్రం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. 2,481 కోట్లు, 15 వేల క్లస్టర్లు, 10 వేల జీవ ఉత్పాదకాల కేంద్రాలు. ఊరి కేంద్రంలో జీవామృతం, కషాయాలు ఒక్కచోట తయారైతే, వాటిని బురద తొవ్వల మీద పొలాలకు చేర్చేదానికి ఒక బండి కావాలె. పది మంది రైతులు, ఎఫ్‌పీవో పేరు మీద, రోడ్డు రిజిస్ట్రేషన్ ఉన్న బండి, నేర్చుకున్న ఇద్దరే నడిపేటట్టు. అట్లయితే గంటల లెక్క కుదురుతది, ప్రమాదం తగ్గుతది. ఆ కేంద్రాల బాధ్యత చూసే అధికారులు మన దిక్కు ఇసొంటి ఆలోచన చేస్తే బాగుంటది. నాకైతే ఏటీవీ కన్నా చట్రం, బెల్టు ఉన్న యూటీవీ మేలనిపిస్తది.

బండి ఎవరిదైనా ఈ ఐదూ పాటించండి. ద్రవాలు ర్యాక్ మీద వద్దు, కింద ఎత్తు తక్కువ ఉన్న ట్రాలీలోనే. ట్రాలీ బరువు కూడా బండి పుస్తకంలో రాసిన దానికి మించొద్దు. ఒక్కరికి చేసిన సీటు మీద ఇద్దరు ఎక్కొద్దు. వాలుకు అడ్డంగా పోవద్దు, నిలువుగా ఎక్కాలె, నిలువుగా దిగాలె. హెల్మెట్ లేకుండా తాళం చెవి పట్టొద్దు.

సరదా రైడింగ్ ముచ్చట

ఇగ ఆఫ్ రోడ్ రైడింగ్. నాకు ఇష్టం లేదంటే అబద్ధమైతది. వానలు పడి గుట్టలు పచ్చబడ్డప్పుడు బండి ఎక్కితే పానం తేలికైతది. హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు పొలం చూడ్డానికి వచ్చేటోళ్లు కూరగాయలు కొంటరు, బియ్యం కొంటరు, పిల్లలు మాత్రం బండి ఎక్కుతమంటరు. రౌండుకు మూడు వందలు తీసుకుంటే నెలకు ఎంతొస్తదో నేను కూడా లెక్క వేసుకున్న. ఇది తప్పు వ్యాపారం కాదు. కానీ అది వేరే వ్యాపారం, పొలం పని కాదు.

పంట గెట్టు రైడింగ్ ట్రాక్ కాదు. నెలల తరబడి గడ్డి పెంచి గెట్టును నిలబెట్టుకుంటం. పది రౌండ్లు తిప్పితే ఆ గెట్టు వానకు తెగుతది, మన మడి నీళ్లు పక్కోని పంట మీద పడ్తయ్. రైడింగ్ పెట్టాలనుకుంటే పడావు పడ్డ అరెకరం విడిగా పెట్టండి. రాళ్లు ఏరండి, చుట్టు టైర్లు పాతండి. పెద్ద ఇంజిన్ బండ్లు పదహారేండ్లలోపు పిల్లలకు ఇయ్యొద్దని బండి పుస్తకంలోనే ఉంటది. "ఒక్క రౌండే కదా అంకుల్" అని తల్లిదండ్రులే బతిమిలాడ్తరు. ఇయ్యొద్దు.

చెరువు శికం, అటవీ భూమి మనవి కావు. రిజర్వాయర్ కట్టలు అసలే కావు. మల్లన్నసాగర్, రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ కట్టలు చూస్తే ఎవరికైనా బండి ఎక్కిచ్చాలనిపిస్తది. కానీ మల్లన్నసాగర్ నీళ్ల అడుగున ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊర్లున్నయ్. ఆ కట్ట కింద లక్షల ఎకరాల ఆశ ఉంది. అది రీల్స్ చేసుకునే జాగ కాదు.

ఇప్పుడు నేనేం చేస్తున్న

బండి అమ్మలేదు. అమ్మితే కొన్నోడు కూడా నా వీడియో చూసే కొంటడు. ర్యాక్ మీది డ్రమ్ము కట్టు కోసి తీసేసిన. ఎత్తు తక్కువ ట్రాలీ చేయించిన. రోడ్డు దాటిస్తలేను, ఇంటి కాడి తోటలోనే వాడుతున్న. తమ్ముడు మళ్లీ నడుస్తున్నడు, ఉరుకుడు మాత్రం ఇంకా మొదటి లెక్క లేదు. తాళం చెవి వాని దగ్గరనే ఉంటది. ఎవరికి ఇయ్యాలె, ఎవరికి ఇయ్యొద్దు అని వాడే చెప్తడు.

పాత వీడియో తీసేద్దామనుకున్న. తమ్ముడే వద్దన్నడు. "తీసేస్తే ఇంకొకడు పెడ్తడు అన్నా. కింద నిజం రాయి" అన్నడు. అందుకే ఆ వీడియో మొదట్లో పెద్ద అక్షరాలతో రాసిన: ఈ డ్రమ్ము ఖాళీది, ఇట్ల దిగొద్దు. ఈ వ్యాసంతో పాటు కొత్త వీడియో కూడా పెడుతున్న. అందులో ట్యాంకు, దిమ్మె, వెంచురీ, వడపోత గుడ్డలు, చివరికి డ్రిప్పర్ దగ్గర పడే చుక్క దాకా చూపించిన. చూడ్డానికి అంత మజా ఉండదు. కానీ ఎకరం పని గంటలో అయిపోతది.

దుబ్బాక తమ్ముడు ఆదివారం వస్తనన్నడు. లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదట. వాళ్ల నాయినను కూడా వెంట తీసుకురమ్మన్న. ముందు పైపులు చూపిస్త. ఆ తర్వాత ట్రాలీలో నిండు డ్రమ్ము పెట్టి, సాపు జాగల వానితోనే బండి నడిపిస్త. కొనాలా వద్దా అనేది అప్పుడు వాళ్లే చెప్తరు.

మీ దగ్గర ఏటీవీ ఉంటే గంటల లెక్క రాసి పంపండి: పొలం పనికి ఎన్ని, సరదాకు ఎన్ని. ఉన్నది ఉన్నట్టు రాయండి. పది మంది లెక్కలు వస్తే, కొందామనుకునే పదకొండో రైతుకు అవి పనికొస్తయ్.